నీరు పల్లమెరుగు

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అని మన పెద్దలంటారు. మా జి. కొండూరు ప్రాంతంలో ఈ సామెతను ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. కొండల మీద కురిసిన వాన మామిడితోటల గట్లు దాటి, వాగుల్లో కలిసి, ఎవరినీ దారి అడగకుండా బుడమేరు చేరుకుంటుంది. మెరక మీద నిలవమంటే నిలవదు. సుమారు ఏడువందల యాభై ఏళ్ల క్రితం జర్మనీ దేశంలో ఒక విశ్వాసురాలు దేవుని కృప గురించి సరిగ్గా ఇదే తెలుసుకుంది. ఇంతమంది పండితులుండగా ఏ చదువూ లేని తనకెందుకు ఈ మాటలిచ్చావని ఆమె ప్రభువునడిగింది. నీరు సహజంగా పల్లానికే పారుతుందన్నదే ఆమెకు దొరికిన జవాబు సారాంశం. ఆమె పేరు మెక్తిల్డ్. మాగ్డెబర్గ్ పట్టణంలో చాలాకాలం జీవించింది కాబట్టి చరిత్రలో ఆమెను మాగ్డెబర్గ్ మెక్తిల్డ్ అంటారు.

మఠంలో కన్నుమూసిన ఒక స్త్రీ జీవితంతో ప్రొటెస్టెంట్ సంఘాల వాళ్లమైన మనకేం పని అని ఎవరికైనా అనిపించవచ్చు. మెక్తిల్డ్ కాలానికి ప్రొటెస్టెంట్ అనే మాటే పుట్టలేదు. మార్టిన్ లూథర్ 1483లో జన్మించాడు. అంటే ఆమె కన్నుమూసిన రెండువందల ఏళ్ల తర్వాత! పైగా ఆమె చివరి రోజులు గడిపిన హెల్ఫ్టా మఠం, లూథర్ పుట్టి, 1546లో తుదిశ్వాస విడిచిన ఐస్లెబెన్ పట్టణాన్ని ఆనుకునే ఉంది. సంస్కరణోద్యమం మొలకెత్తిన నేలలో అంతకు చాలాకాలం ముందే కొందరు స్త్రీలు ప్రార్థనతో దుక్కి దున్నారన్నమాట. వారి కథ మనకు పరాయిది కాదు.

మెక్తిల్డ్ 1207 ప్రాంతంలో సాక్సనీ సీమలో జన్మించింది. ఆమె రాతల తీరును బట్టి కలిగిన కుటుంబంలోనే పుట్టి ఉంటుందని పండితులంటారు. ఆమె తన గురించి తాను చెప్పుకున్నది చాలా తక్కువ. పన్నెండో ఏట ఒకరోజు ఒంటరిగా ఉండగా పరిశుద్ధాత్మ దేవుడు తనను ప్రేమతో పలకరించాడని, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ పలకరింపు ప్రతిదినమూ కొనసాగిందని రాసుకుంది. విచిత్రమేమిటంటే, ఇంత గొప్ప అనుభవాన్ని ఆమె వెంటనే ఊరంతా చాటుకోలేదు. ముప్ఫై ఏళ్లకు పైగా గుండెలోనే దాచుకుంది. రాత్రి కల వస్తే తెల్లారేసరికి మైకు పట్టుకునే ఈ రోజుల్లో ఆ మౌనమే మనకొక పాఠం!

ఇరవై ఏళ్లు దాటాక, 1230 ప్రాంతంలో, మెక్తిల్డ్ అయినవాళ్లను విడిచి ఎల్బ్ నది ఒడ్డునున్న మాగ్డెబర్గ్ చేరింది. ఆ పట్టణంలో ఆమెకు తెలిసినవారు ఒకే ఒక్కరు. ఆ ఒక్కరి ఆసరా దొరికితే దేవుని మీద ఆనుకోవడం ఎక్కడ సడలిపోతుందోనని ఆ పరిచయాన్ని కూడా వాడుకోవడానికి ఆమె వెనుకాడింది. దేవుడు తప్ప దిక్కులేని స్థితిని కోరి తెచ్చుకుంది. పల్లంవైపు ఆమె వేసిన మొదటి అడుగు అది.

అక్కడ ఆమె బెగీనులతో కలిసి జీవించింది. బెగీనులంటే మఠాల్లో చేరకుండా, జీవితాంతపు ప్రమాణాలు చేయకుండా, పట్టణాల్లోనే కలిసి ఉంటూ ప్రభువును సేవించిన స్త్రీలు. పదమూడో శతాబ్దంలో జర్మనీలోనూ, ఇప్పటి బెల్జియం, నెదర్లాండ్స్ ప్రాంతాల్లోనూ ఇలాంటి గృహాలు చాలా వెలిశాయి. వారు నూలు వడికేవారు, బట్ట నేసేవారు, రోగులకు ఉపచారం చేసేవారు, చనిపోయేవారి పక్కన కూర్చుని ప్రార్థించేవారు. మన తెలుగు సంఘాల్లో ఒకప్పుడు బైబిలు సంచి భుజాన వేసుకుని వాడవాడా తిరిగిన బైబిల్ ఉమెన్‌ను గుర్తు చేసుకుంటే వారి జీవితం కొంతవరకు మన కళ్లకు కడుతుంది. అటు కుటుంబ పెద్ద చేతికిందా లేక, ఇటు మఠం గోడల వెనుకా లేక బతికే ఈ ఆడవాళ్లంటే చాలామంది మతపెద్దలకు అనుమానమే. 1261లో మాగ్డెబర్గ్‌లో జరిగిన మతసభ, బెగీనులంతా తమ పేటలోని గురువుల అదుపులో ఉండాలని కట్టడి చేసింది.

1250 ప్రాంతంలో, నలభై ఏళ్లు దాటిన మెక్తిల్డ్ తన హృదయంలోని సంగతులను భయపడుతూనే తన ఆత్మీయ గురువుకు చెప్పింది. ఆయన కొట్టిపారేయలేదు. ధైర్యంగా రాయమన్నాడు. ఆమె కన్నీళ్లతో కలం పట్టింది. హాలె పట్టణానికి చెందిన హెన్రీ అనే డొమినికన్ సన్యాసి ఆ రాతలను సేకరించి, వరుస కూర్చి, ఆరు భాగాలుగా చేశాడు. ఆ గ్రంథం పేరు దైవత్వం నుండి ప్రవహించే వెలుగు. అందులో ప్రార్థనలున్నాయి, పాటల్లాంటి పలుకులున్నాయి, పరమగీతాన్ని తలపించేలా ఆత్మకూ ప్రేమకూ మధ్య సాగే సంభాషణలున్నాయి. దేవుని మందను కాయాల్సిన గురువులు సుఖాలకు మరిగినందుకు నిర్మొహమాటమైన గద్దింపులూ ఉన్నాయి. మాగ్డెబర్గ్ కేథడ్రల్‌లో సేవచేసే పెద్దలను సైతం ఆమె వదిలిపెట్టలేదు.

ఆమె రాసింది లాటిన్‌లో కాదు. ఆ భాష ఆమెకు రాదు. దేవుని సంగతులు రాయాలంటే లాటిన్‌లోనే రాయాలని పండితులు అనుకునే ఆ కాలంలో, తన ఊళ్లో కూరగాయలమ్మేవారూ నేతగత్తెలూ మాట్లాడుకునే ఉత్తర జర్మనీ భాషలో ఆమె రాసింది. తల్లి భాషలో పిలిస్తే దేవుడు పలుకుతాడని నమ్మింది. ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి కృతజ్ఞతతో తలచుకోవాల్సిన సంగతొకటుంది. ఆమె రాతలను కూర్చిన హెన్రీది హాలె పట్టణం కదా, దాదాపు ఐదువందల ఏళ్ల తర్వాత అదే హాలె నుండి వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకుని, 1732 నాటికి బైబిలును తెలుగులోకి అనువదించాడు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోకపోయినా, స్వదేశానికి తిరిగి వెళ్లాక ఆయన హాలెలో 1746, 1747 సంవత్సరాల్లో చిన్న తెలుగు క్రైస్తవ పుస్తకాలు అచ్చు వేయించాడు. అచ్చులో తెలుగు అక్షరం కనిపించిన తొలి పుస్తకాలుగా వాటికి పేరుంది. దేవుని మాట సామాన్యుల భాషలోకి పారాలన్న ఆశ ఆ నేలలో అంత లోతుగా ఇంకింది!

అయితే మెక్తిల్డ్‌కు ఆ ధైర్యం ఊరికే రాలేదు. ఆమె పుస్తకాన్ని తగలబెడతారన్న హెచ్చరికలు ఆమె చెవిన పడ్డాయి. అవి ఉత్త బెదిరింపులని అనుకోవడానికి వీల్లేదు. ఆ తర్వాతి తరంలో ఫ్రాన్సుకు చెందిన మార్గరెట్ పోరెట్ అనే బెగీను పుస్తకాన్ని ముందు తగలబెట్టారు. 1310లో పారిస్ నగరంలో ఆమెనూ సజీవదహనం చేశారు. చదువులేని ఆడది దేవుణ్ణి గురించి రాయడం ఆ రోజుల్లో నిప్పుతో చెలగాటమే.

బెదిరింపు విన్న మెక్తిల్డ్ పెద్దల ఇళ్ల చుట్టూ తిరగలేదు. మద్దతుదారులను పోగేసుకోలేదు. చిన్నప్పటి నుండి అలవాటైన చోటికే, అంటే మోకాళ్ల మీదికే వెళ్లింది. నీ మహిమ కోసమే రాశాను, ఇప్పుడు నన్నిలా నిస్సహాయంగా వదిలేస్తావా అని పసిపిల్లలా ప్రభువు ముందు మొరపెట్టుకుంది. సత్యాన్ని ఎవరూ కాల్చలేరని, తన చేతిలోనిదాన్ని లాక్కోవాలంటే తనకంటే బలవంతుడు రావాలని ప్రభువు తనను ఓదార్చినట్టు ఆమె గ్రహించింది. పల్లానికి పారే నీటి సంగతి ఆమెకు బోధపడింది కూడా ఆ ప్రార్థనలోనే. ఆమె మళ్లీ కలం పట్టింది.

ఇది చదువుతుంటే యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం గుర్తురావడంలేదూ! బందీలా ఉన్న ప్రవక్త చెబుతుంటే బారూకు రాశాడు. చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చున్న యెహోయాకీము రాజు ఆ గ్రంథపు చుట్టను కత్తితో కోసి మంటలో పడేశాడు. ఏమైంది? బారూకు మరో చుట్ట తీసుకుని ఆ మాటలన్నీ మళ్లీ రాశాడు. ఇంకా అనేక మాటలు కలిశాయి కూడా. రాజు కుంపటి ఆరిపోయింది, వాక్యం మాత్రం మిగిలింది. మెక్తిల్డ్‌కు కూడా ఒక బారూకు అవసరమయ్యే రోజు ముందుంది. ఆ సంగతి అప్పటికి ఆమెకు తెలియదు.

దర్శనాలు, ఆత్మానుభవాలు అనగానే ఎప్పుడూ ఆనందంలో తేలిపోవడమే అనుకుంటాం. మెక్తిల్డ్ జీవితంలో అత్యంత లోతైన భాగం అది కాదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మధురమైన పలకరింపు తగ్గింది. దేవుడు దూరమైనట్టు, ప్రార్థన ఎండిపోయినట్టు అనిపించిన కాలం వచ్చింది. అప్పుడామె చేసినదే ఆశ్చర్యం. ప్రభువు మహిమ కోసమైతే ఆ దూరాన్ని కూడా ప్రేమతో స్వీకరిస్తానంది. ప్రేమ పైపైకి ఎగరడమే కాదు, నీటిలా కిందికి, ఇంకా కిందికి దిగుతుందని, ఆ అట్టడుగు తగ్గింపులోనే ప్రభువు ఎదురవుతాడని నేర్చుకుంది. తనను తాను రిక్తునిగా చేసుకున్న క్రీస్తు దారి కూడా కిందికే కదా (ఫిలిప్పీ 2:7). మన తెలుగు విశ్వాసుల్లో ముంగమూరి దేవదాసు అయ్యగారు దైవసన్నిధిలో మౌనంగా కనిపెట్టడం నేర్పారు. అలా కనిపెట్టినవారందరికీ ఏమీ వినిపించని రాత్రులుంటాయని తెలుసు. ఆ రాత్రుల్లో లేచి వెళ్లిపోకుండా కూర్చున్నవారే మెక్తిల్డ్‌కు సాటివారు.

1270 ప్రాంతానికి ఆమె అరవై ఏళ్లు దాటిన వృద్ధురాలు. ఆరోగ్యం పాడైంది, చూపు మందగిస్తోంది, పట్టణంలో విరోధులు ఉండనే ఉన్నారు. ఆ స్థితిలో ఆమెకు తలుపు తీసింది హెల్ఫ్టా కాన్వెంటు. కాన్వెంటు అనగానే మన ఊళ్లలో టై కట్టుకుని ఇంగ్లీషు చదివే పిల్లల బడి గుర్తొస్తుంది. ఆ మాటకు అసలు అర్థం కన్యస్త్రీలు కలిసి జీవించే మఠం. 1229లో మాన్స్‌ఫెల్డ్ ప్రభువు స్థాపించిన ఈ మఠం 1258లో హెల్ఫ్టాకు మారింది. సిస్టర్సియన్ సన్యాసుల పద్ధతులను అక్కడివారు పాటించేవారు. రాత్రివేళ లేచి మొదలుపెట్టి, రోజంతా నియమిత ఘడియల్లో కీర్తనలు పాడుతూ ప్రార్థించేవారు. మిగతా సమయంలో చేతిపనులు, చదువు, గ్రంథాలకు ప్రతులు రాయడం. మఠాధ్యక్షురాలు హాకెబోర్న్ గెర్‌ట్రూడ్ పందొమ్మిదేళ్లకే ఆ బాధ్యత చేపట్టి, 1251 నుండి 1291 వరకు నలభై ఏళ్లు నడిపించింది. చదువు మూలపడితే లేఖనాలు అర్థంకావని, లేఖనాలు అర్థంకాకపోతే భక్తి కూడా నిలవదని ఆమె నమ్మకం. అందుకే ఆ మఠంలో ఆడపిల్లలు లాటిన్‌లో దిట్టలు.

అలాంటి చదువుల నిలయానికి లాటిన్ రాని ముసలామె వచ్చింది. పైగా ఆమె పుస్తకం మీద ఎన్నో నిందలు! ఆమెను చేర్చుకుంటే మఠానికి చెడ్డపేరు వస్తుందేమోనని ఆ సోదరీమణులు భయపడి ఉండవచ్చు. అయినా చేర్చుకున్నారు. అక్కడితో ఆగక, తమకు బోధించమని ఆమెను అడిగారు. తాను ఏమీ నేర్వనిదాన్నని, మీరు వెతికేది మీ పుస్తకాల్లోనే దొరుకుతుందని ఆమె తప్పించుకోబోయింది. వాళ్లు వదల్లేదు. పండితులైన ఆ స్త్రీలు పామరురాలి పాదాల దగ్గర కూర్చున్న ఆ దృశ్యాన్ని మనం కాసేపు మనసులో నిలుపుకోవాలి. నీరు పల్లానికే కాదు, తలవంచిన ప్రతిచోటికీ పారుతుందని అక్కడ రుజువైంది.

కొన్నాళ్లకు ఆమె చూపు పూర్తిగా పోయింది. చేతుల్లో బలం లేదు. సొంతంగా ఒక పని చేసుకోలేని స్థితి. కలం పట్టే వీల్లేదు గనుక పుస్తకం ముగిసిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఏడో భాగం పుట్టింది అప్పుడే! ఆమె చెబుతుంటే సోదరీమణులు రాశారు. యిర్మీయాకు ఒక్క బారూకైతే, మెక్తిల్డ్‌కు ఒక మఠమే బారూకయింది. ఆ చివరి పుటల్లో ఆమె చేసిన ఒక ప్రార్థన మనల్ని కదిలించకమానదు. తన కళ్ల చూపు తీసుకున్న దేవుడు ఇప్పుడు ఇతరుల కళ్లతో తనకు సేవ చేస్తున్నాడని, తన చేతుల బలం తీసుకుని ఇతరుల చేతులతో, ఇతరుల హృదయాలతో తనను ఆదుకుంటున్నాడని ఆమె కృతజ్ఞతలు చెల్లించింది. తనకు సాయం చేసేవారికి ఆ ప్రతిఫలం దేవుడే ఇవ్వాలని వేడుకుంది. యౌవనంలో ఏ మనిషి ఆసరా వద్దనుకున్న ఆమె, వృద్ధాప్యంలో మనుషుల ఆసరానే దేవుని చేయిగా గుర్తుపట్టింది. మొదటిదానికంటే ఈ రెండో పాఠం నేర్చుకోవడం కష్టం. చాలామంది వృద్ధులకు బాధ కలిగించేది రోగం కంటే ఇతరుల మీద ఆధారపడటమే.

1282 ప్రాంతంలో మెక్తిల్డ్ ప్రభువు సన్నిధికి చేరిందని ఎక్కువమంది భావన. ఆమె విత్తింది మాత్రం మొలకెత్తుతూనే ఉంది. మఠాధ్యక్షురాలి చెల్లెలు, గాయనుల బృందాన్ని నడిపిన హాకెబోర్న్ మెక్తిల్డ్ మంచం పట్టిన రోజుల్లో తన అనుభవాలను చెబితే సోదరీమణులు గ్రంథస్థం చేశారు. అయిదేళ్ల పసిపాపగా 1261లో మఠంలో చేరిన మరో గెర్‌ట్రూడ్, 1281లో కలిగిన మార్పు తర్వాత తానూ కలం పట్టింది. పుస్తకాల చదువులో మునిగి ప్రభువును నిర్లక్ష్యం చేశానని పశ్చాత్తాపపడి, లేఖనాల వైపు తిరిగిన విద్వాంసురాలు ఈమె. ఇక మెక్తిల్డ్ రాసిన అసలు ప్రతి కాలగర్భంలో కలిసిపోయింది. 1340లలో స్విట్జర్లాండులోని బాసెల్ ప్రాంతపు విశ్వాసులు దక్షిణ జర్మనీ భాషలోకి మార్చుకున్న ప్రతి ఒకటి ఐన్సీడెల్న్ మఠం గ్రంథాలయంలో దాగి, 1861లో వెలుగు చూసింది. కాల్చేస్తామన్నవారి పేర్లు ఎవరికీ తెలియవు. పుస్తకం మాత్రం నేటికీ చదువుతున్నారు.

మెక్తిల్డ్ రాసినదంతా మనం ఒప్పుకోనక్కర్లేదు. చనిపోయినవారి ఆత్మల శుద్ధి గురించి, పరిశుద్ధుల మధ్యవర్తిత్వం గురించి ఆమె ఆ కాలపు నమ్మకాలనే పంచుకుంది. వాటికి లేఖనాధారం లేదని మన సంఘాలు బోధిస్తాయి. మఠవ్రతాల వల్ల రక్షణ రాదని లూథర్ బోధించగా, ఆయన భార్య కేథరీన్ స్వయంగా 1523లో మఠాన్ని విడిచివచ్చిన స్త్రీయే. ఎవరి దర్శనమైనా సరే, సమస్తాన్ని పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమన్నది అపొస్తలుని ఆజ్ఞ (1 థెస్స. 5:21). కానీ పరీక్షించడం వేరు, వినకుండానే తోసిపుచ్చడం వేరు. కుమార్తెలు కూడా ప్రవచిస్తారని పెంతెకొస్తు దినాన పేతురు చాటాడు (అపొ.కా. 2:17). ఆ వాగ్దానాన్ని విననంతగా మన చెవులు మూసుకుపోకూడదు.

మన సంఘాల్లోకి ఒకసారి తొంగిచూద్దాం. వెనక చాప మీద గోడకానుకుని కూర్చునే అవ్వ ఒకరు ప్రతి సంఘంలోనూ ఉంటారు. కళ్లకు శుక్లాలు, మోకాళ్లకు నొప్పులు. అక్షరం రాదు గానీ వందల పాటలు నోటికొచ్చు. కరువులో, కాన్పులో, బిడ్డల చావులో ప్రభువు ఎలా పలకరించాడో ఆమెకు తెలుసు. మీటింగులకు పెద్ద పెద్ద వక్తలను దూరప్రాంతాల నుండి పిలిపిస్తాం. ఆమెను మాత్రం సాక్ష్యం చెప్పమని అడిగి ఎన్నేళ్లయింది? తెలుగు నేల మీద సువార్తను మొదట నమ్మిన కుటుంబాల కథలెన్నో ఇలాంటి అవ్వల గుండెల్లోనే ఉండి, వారితోపాటే సమాధి చేరుతున్నాయి. ఏ రాజూ వాటిని కాల్చనక్కర్లేదు. మన అశ్రద్ధే ఆ కుంపటి!

హెల్ఫ్టా సోదరీమణులు చేసిన పని మనమూ చేయగలం. యౌవనస్థుల కూటంలో ఇద్దరు పిల్లలు నోటుపుస్తకం పట్టుకుని వారానికొక గంట ఒక అవ్వ దగ్గర, ఒక తాత దగ్గర కూర్చుంటే చాలు. చేతిలోని సెల్‌ఫోనులో ఆ గొంతు రికార్డు చేయవచ్చు. చూపు లేనివారికి వాక్యం చదివి వినిపించవచ్చు. ఇది దానధర్మం అనుకుంటే పొరపాటు. అక్కడ పొందేది మనమే. ముదిమిలో తనను విడువవద్దని, రాబోయే తరానికి దేవుని బలాన్ని తెలియజేసేదాకా కాపాడమని వేడుకున్న కీర్తనకారుని ప్రార్థనకు (కీర్తన 71:18) జవాబు ఆ పిల్లల రూపంలోనే వెళ్తుంది. నూజివీడు సీమ రైతుకు తెలుసు, పాత రసం చెట్టును కొట్టేయడానికి ఎందుకు మనసొప్పదో. నీతిమంతులు ముసలితనంలోనూ చిగురు పెడతారని, ఫలిస్తారని వాక్యం కూడా అంటోంది (కీర్తన 92:14).

ఇక, మంచం మీదుండి ఈ మాటలను ఎవరిచేతనో చదివించుకుంటున్న పెద్దలకు ఒక్క మాట. మీ చూపు పోయిందని, చేతులు వణుకుతున్నాయని, ఇక సంఘానికి మీ వల్ల ఉపయోగమేమిటని దిగులుపడకండి. మెక్తిల్డ్ గ్రంథంలో ఏడో భాగం కళ్లు కనిపించని రోజుల్లో పుట్టింది. మీ మంచం పక్కన కూర్చున్న ఆ కంఠంలో, మీకు అన్నం కలిపిపెట్టే ఆ చేతిలో ప్రభువునే గుర్తుపట్టండి. మీ ఏడో భాగం ఇంకా మిగిలే ఉందేమో, చెప్పడం మొదలుపెట్టండి.